పడమటి గదికి సీలింగు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, కట్టిన ఇంటిని బాగు చేయించి చూడు అని ఒక్కడూ అనలేదు. అన్నవాడుంటే దీప్తి వాడి కాళ్లకు దండం పెట్టి ఉండేది. కొత్త జిల్లాలు ఏర్పడ్డ ఏడు నల్గొండలో దేవరకొండ రోడ్డు పక్కన ప్లాటు కొని, ఆమె, ఆమె మొగుడు లింగస్వామి ఇల్లు కట్టుకున్నారు. లింగస్వామి పశువైద్యశాఖ ఆఫీసులో గుమాస్తా. జీతం అతనిది, లెక్క ఆమెది.

నల్గొండ ఎండ గురించి నల్గొండవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా నమ్మరు. చుట్టూ ఉన్న గుట్టలు పగలంతా ఎండను తాగి, పొద్దు గూకినాక ఊళ్లోకి ఊదుతాయి. ఇక పైన స్లాబు, పడమట గోడ ఉన్న గదిలో మనిషి ఉండాలంటే ఏ జన్మలోనో పాపం చేసి ఉండాలి. ఆ గది ఎవరికిచ్చారయ్యా అంటే, లింగస్వామి తండ్రి పోచయ్యకు ఇచ్చారు. పోచయ్య భార్య పోయాక కట్టంగూరులో గూనపెంకుల ఇల్లు వదిలి, ఒక ఇనుప మంచం, నీళ్లు చల్లగా ఉండే మట్టి రంజను వెంటబెట్టుకుని కొడుకు దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి. కోపం వచ్చినా నవ్వులోనే చెప్పేవాడు.

"గీ స్లాబు పెంక లెక్క కాల్తాంది బిడ్డా. నన్ను జొన్నరొట్టె అనుకుంటున్నవా ఏంది, మర్లేసి కాల్చనీకె?"

"వచ్చే ఏడు నీ రూముకు సీలింగు చేపిస్త మామా. పైన షీట్లు కొట్టిస్తే సల్లగుంటది," అనేది దీప్తి.

అబద్ధం కాదు. నిజంగానే అనుకునేది. ప్రతి ఉగాదికీ ఫోనులో ఇంటి బడ్జెటు రాసేది. డాబా మీద చలువ సున్నం, పడమటి గదికి వేడి ఆపే షీట్లు, వాటి కింద సీలింగు. రాసిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. ఫోనులో పెట్టుబడుల పాఠాలు చెప్పే ఒకాయన ఉన్నాడు, టై కట్టుకుని, గాలి కూడా వాయిదాల మీద పీల్చే రకం. ఖర్చు వేరు, పెట్టుబడి వేరు, పెట్టిన రూపాయి పిల్లలు పెట్టాలి అంటాడు. దీప్తికి ఆ మాట మనసులో నాటుకుంది. బిడ్డ నిహారిక పేరు మీద నెలనెలా మ్యూచువల్ ఫండు కట్టేది. ఫండు పెంచిన ఏడు సీలింగు ఆగేది, సీలింగు ఆగిన ఏడు పోచయ్య ఎండేవాడు. ముసలాయన గదికి పెట్టిన డబ్బు మళ్లీ పుట్టదు కదా, అదీ సంగతి.

పోచయ్యకు మోకాళ్లు పోయాయి. గొంతు జబ్బు చేసినప్పటి నుంచి పిలిస్తే వినపడేంత గొంతు కూడా లేదు. దప్పికైతే స్టీలు గ్లాసు తీసి మంచం పట్టెకు కొట్టేవాడు. టక్, టక్. రెండే దెబ్బలు. రంజను మూలన ఉన్నా, వంగి ముంచుకునే ఓపిక లేదు. లింగస్వామి ఇంట్లో ఏ మూల ఉన్నా, ఫోను మీంచి కన్ను తియ్యకుండా, "దీప్తీ, బాపుకు నీళ్లియ్యి," అనేవాడు. ఆమె లేచి ఇచ్చేది. విసుక్కుంటూ ఇచ్చిందేమో గానీ, ఇవ్వకుండా మాత్రం ఏనాడూ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథ నడిచేది అంతా ఒక్క రోజు ఇవ్వని నీళ్ల మీదనే.

ఆఖరికి ఒక ఎండాకాలం పని మొదలైంది. సీలింగు మేస్త్రీ ఐలేశం మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి అడిగాడు, "ఏ రూము సంది షురూ జెయ్యాలె అక్కా?"

ముసలాయన గది నుంచి, అనాలి. దీప్తి అనలేదు. ఇంటి మీద బ్యాంకులో ఇంకొంచెం అప్పు అడిగి ఉంది, విలువ కట్టడానికి మనిషి రాబోతున్నాడు. వచ్చినవాడు ముందు హాలు చూస్తాడు, పడమటి గది చూస్తాడా? "హాలు సంది," అంది. పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా!

హాలు ఖాళీ చెయ్యాలి కాబట్టి సోఫాలు, టీపాయి, టీవీ బల్ల అన్నీ పోచయ్య గదిలో కుక్కారు. మంచం చుట్టూ గోడ కట్టినట్టయింది. తలుపు సగమే తెరుచుకునేది. దుమ్ము పడుతుందని రంజనును వంటింట్లోకి మార్చింది దీప్తి. సాయంత్రం మళ్లీ పెడదాం అనుకుంది. నిహారిక సెలవులకు భువనగిరిలో మేనత్త సుగుణ ఇంటికి పోయింది. లింగస్వామి ఆఫీసుకు పోయాడు. పగటి అన్నం తినిపించి, గ్లాసెడు నీళ్లు తాగించి, హాలుకు లైట్లు ఎంచడానికి దుకాణానికి బయల్దేరింది దీప్తి.

లైట్ల దుకాణంలో చల్లటి గాలి. పసుపు వెలుగా తెలుపు వెలుగా అని తేల్చుకోలేక చాలాసేపు కూర్చుంది. కూర్చోదా మరి, బయట నిప్పులు కురుస్తుంటే.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. పనివాళ్లు వెళ్లిపోయారు. రంజను చూసి నాలుక కరుచుకుని, గ్లాసుతో నీళ్లు ముంచుకుని పడమటి గదికి వెళ్లింది. సోఫా ఎక్కి దిగితే తప్ప మంచం అందలేదు. పోచయ్య ఒక చెయ్యి కిందికి వేలాడేసి ఉన్నాడు. స్టీలు గ్లాసు సోఫా కిందికి దొర్లిపోయింది. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. ఒళ్లు పట్టి చూసింది. వెచ్చగా ఉంది. అయ్యో, ఇప్పుడే పోయినట్టున్నాడు, ఒక్క నిమిషం ముందొస్తే దొరికేవాడు అనుకుంది. ఆ గదిలో ఇటుకలు కూడా అంతే వెచ్చగా ఉన్నాయని ఆమెకు తట్టలేదు.

లింగస్వామి బండి మీద పరుగున వచ్చి తండ్రి మీద పడి ఏడ్చాడు. ఏడుస్తూనే పంచాంగం చూసే అయ్యగారికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. చావు కబురు చెప్పగానే ముందు నక్షత్రం చూడాలి, అది మన దగ్గర పాడె కంటే ముందు పని.

"ఇయ్యాల నాలుగింటి దాకా శ్రవణం," అన్నాడు అయ్యగారు. "ఆ తర్వాత ధనిష్ఠ వచ్చింది. నాలుగుకు ముందు పోతే ఏ దోషం లేదు. తర్వాత పోతే మాత్రం ఇల్లు ఆరు నెలలు తాళం పెట్టి ఇడిచిపెట్టాలె. ఇడువకుంటే ఆ ఇంట్ల ఇంకో పానానికి మంచిది కాదు. ఎప్పుడు పోయిండు? దగ్గెర ఎవరున్నరు?"

మామ శవం పక్కన నిలబడి దీప్తి లెక్క వేసింది. వెయ్యాలనుకుని వెయ్యలేదు, అలవాటైన మనసు అదే వేసింది. ఆరు నెలలు కిరాయి ఇల్లు. సగం చేసి వదిలేసిన సీలింగు. బ్యాంకు మనిషి తాళం చూసి తిరిగి పోవడం. ఫండు విరగ్గొట్టడం. లింగస్వామి నోరు తెరిచేలోపల ఆమె అనేసింది.

"మూడింటికి అయ్యగారూ. నేనే ఉన్న. నీళ్లు అడిగితే రెండు గుక్కలు పోసిన. తాగి కండ్లు మూసిండు. నిద్ర పోయిండనుకున్న. దీపం పెట్టి లేపితే లేవలే."

"అయితే మూడింటికే. శ్రవణం. అదృష్టవంతుడు," అన్నాడు అయ్యగారు.

చచ్చినవాడి కండ్లు చేరెడంటారు. ఇక్కడ చచ్చినవాడి కండ్లకంటే కోడలి చెయ్యి పెద్దదయింది. సుగుణ భువనగిరి నుంచి నిహారికను తీసుకుని గుండెలు బాదుకుంటూ వచ్చి, వదినె చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "మా బాపు నీ చేతి నీళ్లు తాగి పోయిండు వదినే. కన్నబిడ్డను నాకు దొరకలే, నీకు దొరికింది." వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. దీప్తి తల వంచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నిజమైనది.

కర్మకాండ అయ్యాక ఐలేశం మళ్లీ వచ్చి మిగిలిన పని ముగించాడు. పడమటి గదికీ షీట్లు వేశాడు, సీలింగు కొట్టాడు, డాబా మీద చలువ సున్నం పూశాడు. బ్యాంకు మనిషి వచ్చి, ఇల్లంతా తిరిగి, పడమటి గదిలోనే ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఇంత ఎండలో ఈ రూము ఇంత సల్లగుందేంది మేడం! అమ్మితే మంచి రేటొస్తది," అన్నాడు. దీప్తి వంటింట్లోకి పోయి కొళాయి విప్పి ఊరికే నిలబడింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మొదటిసారి వినపడింది.

దయ్యాలు చీకట్లో వస్తాయని ఎవడు చెప్పాడో వాడు మా ఎండలు చూడలేదు. ఊరంతా తలుపులు బిగించుకుని, కుక్క కూడా మోరీ బురదలో పడుకునే వేళ ఉంటుంది చూడండి, దానికి మించిన నిర్మానుష్యం అమావాస్యకు కూడా ఉండదు. అటువంటి వేళ దీప్తి బట్టలు మడత పెడుతుంటే పడమటి గదిలో టక్, టక్ అంది. రెండే దెబ్బలు. ఆమె చేతిలోది అక్కడే వదిలి, లేచి, రంజనులో గ్లాసు ముంచి, గది గడప దాకా పోయాక గానీ తాను ఏం చేస్తోందో ఆమెకు తెలియలేదు. గదిలో ఎవరూ లేరు. ఇనుప మంచం గోడవారగా ఖాళీగా ఉంది. గ్లాసులో నీళ్లు ఆమె చీర మీద ఒలికాయి.

ఆ తర్వాత రోజూ అదే వేళకు. ఎలుక అనుకుంది, మందు పెట్టింది. సీలింగు కమ్ములు వేడికి చప్పుడు చేస్తాయేమో అనుకుంది. అనుకోవడానికి ఏముంది, ఎన్నైనా అనుకోవచ్చు. కానీ కమ్ములకు రెండే దెబ్బలు కొట్టి, జవాబు కోసం ఆగడం ఎవరు నేర్పుతారు?

ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తుంది? అయితే బడి తెరిచిన కొత్తలో ఒక ఆదివారం నిహారిక బొమ్మలు వేసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"మమ్మీ, తాత రూముల టక్ టక్ అంటాంది."

దీప్తి గబగబా పోయి ఆ గది తలుపు మూసింది. ఆ వారమే పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానలో సూదులేశారు, రక్తం చూశారు, వానాకాలం జ్వరాలే, ఫికర్ లేదు అన్నారు. జ్వరం మాత్రం పట్టు వదల్లేదు. చల్లగా ఉంటుందని లింగస్వామి పిల్లను ఎత్తుకుపోయి పడమటి గదిలో పడుకోబెడితే, దీప్తి ఆడపులిలా లేచి పిల్లను లాక్కుని హాల్లోకి తెచ్చింది. అతను బిత్తరపోయాడు. ఇంకో పానానికి మంచిది కాదు అన్న అయ్యగారి మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది ఆమెకు. ధనిష్ఠలో పోయిన మనిషిని శ్రవణంలో పోయాడని చెప్పి, ఇల్లు విడవకుండా కూర్చున్నది తను. లెక్క వేసింది తను. కట్టేది బిడ్డా? ఏ బిడ్డ కోసం ఫండు కట్టిందో ఆ బిడ్డా?

నిజం చెప్పి ఇప్పుడైనా తాళం వేద్దామని నోటి దాకా వచ్చేది. చెబితే నీళ్ల సంగతి కూడా చెప్పాలి. సుగుణ కళ్లకద్దుకున్న చేతులు గుర్తొచ్చి నోరు పడిపోయేది.

చివరికి ఐలేశాన్ని పిలిపించింది. పడమటి గది సీలింగు పలక విప్పి చూడమంది. అతను నిచ్చెన ఎక్కి, ఒక పలక దించి, టార్చి వేసి అటూ ఇటూ చూశాడు. తెల్లటి షీట్లు తప్ప ఏమీ లేదు. ఎలుక పెంటిక కూడా లేదు.

"ఎట్లొస్తది అక్కా సప్పుడు?"

దీప్తి మంచం పట్టె మీద వేలితో కొట్టి చూపించింది. టక్, టక్.

ఐలేశం నిచ్చెన మీదనే ఆగిపోయాడు. మెల్లగా దిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గిది తాత సప్పుడు గదా అక్కా. నేను గా దినం ఇన్న."

"ఏ దినం?"

"ఆయన పోయిన దినం. నువ్వు లైట్లకు పోయినంక మేం బువ్వ తిని బొక్కలు గొట్టే మిషిను షురూ జేసినం. తాత గిట్లనే టక్ టక్ కొట్టిండు. సప్పుడు తకలీఫ్ అయితాందేమో పెద్దమనిషికి అని మిషిను బంద్ వెట్టిన. ఆయన గూడ బంద్ వెట్టిండు. మల్ల షురూ జేస్తె మల్ల కొట్టిండు. మల్ల బంద్ వెట్టిన. గట్ల అయితే పని ఒడువదని, ఆఖరుకు నేను బంద్ వెట్టలే అక్కా. ఆయనే బంద్ వెట్టిండు."

దీప్తి అడిగింది. "ఎన్నింటికి?"

"మూడింటికి మాకు ఛాయ్ వస్తది. దానికి ముంగటనే. ఛాయ్ తాగి, నిచ్చెన కోసం గీ రూముల తొంగి చూసిన. నోరు తెరిచి పండుకున్నడు. మూతి మీద ఈగలు వాలినా కదల్లే. నిద్రనే అనుకున్న." అతను ఇంకేదో అడగబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. పలక మళ్లీ బిగించి, కూలి కూడా అడగకుండా వెళ్లిపోయాడు.

మూడింటికి ముందే పోయాడు. అంటే శ్రవణమే. దోషం లేదు. బిడ్డకు ఏమీ కాదు, ఇల్లు విడవనక్కర్లేదు. నిజం చెప్తున్నాను, ఆమెకు ముందు కలిగింది సంతోషమే. ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టయి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఆ సంతోషాన్ని తానే చూసుకుంది. తను తెలుపు వెలుగా పసుపు వెలుగా అని ఎంచుకుంటున్నప్పుడు, ముసలాయన సోఫాల మధ్య పడి నీళ్లు అడిగాడు. మిషిను ఆగినప్పుడల్లా, విన్నారు, తెస్తున్నారు అని తాను కూడా ఆగి ఎదురుచూశాడు. దీప్తి నేల మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నిహారికకు ఆ రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గింది. లేచి అన్నం తిని ఆడుకుంది. వానాకాలం జ్వరమే మరి, దవాఖానవాళ్లు చెప్పనే చెప్పారు. చప్పుడు మాత్రం పోలేదు.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం లింగస్వామి హాల్లో, ఆ కొత్త లైట్ల కింద చాప మీద కునుకు తీస్తున్నాడు. దీప్తి పక్కన కూర్చుని కూర తరుగుతోంది. పడమటి గదిలో టక్, టక్ అంది. లింగస్వామి కళ్లు తెరవలేదు. అటు తిరిగి పడుకుంటూ, నిద్రలోనే అన్నాడు.

"దీప్తీ, బాపుకు నీళ్లియ్యి."

అని, ఒక్క క్షణానికి దిగ్గున లేచి కూర్చున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె కూర తరగడం ఆపి పడమటి గది వైపే చూస్తోంది.

"ఇన్నవా?" అన్నాడు.

"రోజూ ఇంటున్న." ఆ తర్వాత ఆగలేదు ఆమె. "నేను ఇయ్యలే. గా దినం నేను ఇంట్ల లేను. నీళ్లు పోసినని అబద్ధం చెప్పిన. ఇల్లు ఇడువాలె, కిరాయి కట్టాలె అని భయపడి చెప్పిన. రంజను నేనే తీసి వంటింట్ల పెట్టిన. మామ అడిగిండు, ఐలేశం ఇన్నడు. ఎవ్వరం ఇయ్యలే. దప్పికతోని పోయిండు."

కొడతాడేమో, సుగుణకు ఫోను చేస్తాడేమో అని చూసింది. కొట్టినా బాగుండు అనుకుంది. గదిలో మళ్లీ టక్, టక్.

లింగస్వామి లేచి వంటింట్లోకి పోయాడు. రంజను మీది మూత ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గ్లాసు నింపి, పడమటి గదిలోకి వెళ్లి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఒక్క దినం ఇయ్యలే దీప్తీ," అన్నాడు. "నేను ఒక్క దినమన్న ఇయ్యలే. ఎన్నడు కొట్టినా నిన్నే పిలిచిన."

గ్లాసు మంచం మీద పెట్టి, తండ్రి తల ఉండే చోట చెయ్యి ఆనించాడు. "బాపూ, నేనే. నీళ్లు తెచ్చిన, తాగు," అన్నాడు. చప్పుడు ఆగింది. ఆ రోజుకు ఆగింది, అంతే. మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది.

రంజను తిరిగి పడమటి గది మూలకు వచ్చింది. రోజూ ఆ వేళకు ఇంట్లో ఎవరుంటే వాళ్లు గ్లాసు నింపి మంచం మీద పెట్టేవాళ్లు. మాసికం నాడు దీప్తి సుగుణను పక్కకు పిలిచి అంతా చెప్పేసింది. సుగుణ విని, ఏడ్చి, అన్నం తినకుండానే భువనగిరి బస్సెక్కింది. ఇప్పటికీ వదినె ఫోను ఎత్తదు. ఎత్తనీ, ఎత్తకపోనీ, ఆమె తప్పేముంది?

మొన్నటి ఎండాకాలం ఇల్లు కొంటామని ఒక జంట వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు, అడిగిన ధరకు పైన ఇస్తామన్నారు. ఫోనులో టై కట్టుకున్న ఆయన విని ఉంటే ఎగిరి గంతేసేవాడు, పెట్టిన రూపాయి అన్ని పిల్లలు పెట్టింది. ఆ ఇల్లాలు పడమటి గదిలో నిలబడి, ఎంత సల్లగుందో అని మురిసిపోయింది. మూలన రంజను చూసి, గీ రోజుల్ల రంజనెందుకు, ఫ్రిజ్ లేదా అని నవ్వింది.

లింగస్వామి భార్యను వంటింట్లోకి పిలిచి, "ఏమంటవు?" అని అడిగాడు.

దీప్తి గడియారం వైపు చూసింది. ఆ వేళ దగ్గర పడుతోంది. గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"అమ్మితే అమ్మవచ్చు," అంది. "వచ్చినోళ్లు మామకు నీళ్లిస్తరా?"